తోటకు నీళ్ళు ఎప్పుడు ఆపాలి?

ఊరికి సాయం అనగానే ఏ తెలుగు సంఘంలోనైనా ముందు వినిపించేది బోరు, మోటారు. శిలాఫలకం మీద పేరుంటుంది, రిబ్బను కత్తిరించే ఫొటో ఉంటుంది. నూజివీడు మామిడి రైతుకు మాత్రం బోరు, మోటారుకన్నా సమయానికి అందే సలహా ఎక్కువ అవసరం.

కాపుకొచ్చిన మామిడిని పూతకు ముందు రెండు మూడు నెలలు బెట్టకు వదలాలి. అక్టోబరు, నవంబరుల్లో తడి పెడితే చెట్టు పూత మానేసి చిగురు తీస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక పది పదిహేను రోజులకో తడి ఇవ్వాలి, కోతకు రెండు మూడు వారాల ముందు మళ్ళీ ఆపాలి. పెట్టే తడి కూడా చెట్టు మొదలు దగ్గర కాకుండా కొమ్మల చివర్ల నీడ పడేచోట పెట్టాలి. నూజివీడు ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళకు ఇవన్నీ తెలిసినవే. మూడెకరాల చిన్నరసాల తోట ఉన్న రైతు చెవిన, అదీ సరైన వారంలో, వేసేవాళ్ళే తక్కువ. ఈలోగా మామిడి తీసేసి పామాయిల్ వేస్తున్నవాళ్ళూ పెరిగారు. వేసవిలో ఆ చెట్టు ఒక్కోటి రోజుకు 150 నుంచి 200 లీటర్లైనా తాగుతుంది. పక్కపక్క తోటల బోర్లు తోడేది ఒకే భూగర్భ జలం కాబట్టి, నీటి లెక్క ఏ ఒక్క రైతుతోనో తేలేది కాదు.

ఆ లెక్క ఊరంతా కలిసి వేయడం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకసారి జరిగింది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో బర్డ్స్, మరికొన్ని స్వచ్ఛంద సంస్థలు 2003 తర్వాత కొన్నేళ్ళపాటు అనంతపురం, ప్రకాశం సహా ఏడు కరువు జిల్లాల్లో రైతుల చేతే వాన కొలిపించాయి, బోర్లలో నీటిమట్టం రాయించాయి. రబీకి ముందు ఊరు కూర్చుని, ఉన్న నీళ్ళెన్ని, వేయబోయే పంటకు కావలసినవెన్ని అని చూసుకునేది. రాయితీ ఇవ్వలేదు, ఫలానా పంట వేయొద్దని ఎవరూ శాసించలేదు. లెక్క కళ్ళెదుట ఉండేసరికి చాలామంది వరి తగ్గించుకున్నారు. ప్రపంచ బ్యాంకు కూడా దీన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది. అయితే ప్రాజెక్టు డబ్బు ఆగాక చాలా ఊళ్ళలో కొలతలూ ఆగాయి. నా దృష్టిలో విజయం కన్నా ఈ ఆగిపోవడమే మనకు పనికొచ్చే పాఠం. వానకొలత పాత్ర ఖరీదు పెద్దదేం కాదు. కొలిచే మనిషికి ఏళ్ళ తరబడి గౌరవ వేతనం ఇవ్వడమే బరువు. బోరు ఖర్చు ఒక్కసారితో తీరిపోతుంది, అందుకే దాతలకది ముద్దు.

ఆ బరువు మన సంఘం మోయవచ్చు. కొలవడానికి ఊళ్ళో డ్వాక్రా సంఘాలున్నాయి, ప్రకృతి సేద్యంలో శిక్షణ పొందిన మహిళలున్నారు, రైతు సేవా కేంద్రాలున్నాయి. వాళ్ళను పక్కనపెట్టి విదేశాల నుంచి కొత్త యాప్ దించాల్సిన పనిలేదు.

ఇంకొక మాట, కొంచెం చేదైనదే. మనలో చాలామంది తోటలు గుత్తకిచ్చినవాళ్ళం. పూత చూసి తోట కొన్న గుత్తదారుకు ఈ ఏటి కాయ బరువే ముఖ్యం, చెట్టు వచ్చే ఏడు ఏమవుతుందన్నది ఆయన లెక్కలో లేదు. కోత ముందు దాకా తడి పెడతాడంటే వింతేముంది? నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల్లో తోటలున్న సభ్యులు ఈసారి గుత్త కాగితంలో నీళ్ళు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు ఆపాలో కూడా రాయించండి. మీ బోరు నీటిమట్టం ఊళ్ళో కొలవడానికి అనుమతి ఇస్తూ సంఘానికి ఒక ఉత్తరం పంపండి.