పాత కుర్సీకి నహూసత్ అంటగట్టకండి

"పురానా సామాన్ ఘర్ కూ లానా నక్కో, నహూసత్ ఆతీ."

జుమేరాత్ బజార్ నుంచి ఆటోలో వేసుకొచ్చిన సాగ్వాన్ కుర్సీని గడప దగ్గరే ఆపేసి మా ఖాలా అన్న మాట ఇది. ఎవరింట్లో మౌత్ అయితే బయటికొచ్చిందో, ఎవరి హాయ్ తగిలిందో అని ఆమె ఫికర్. బద్‌షగూనీ నమ్మొద్దని రసూలుల్లాహ్ (స) చెప్పారు కదా ఖాలా అంటే, "జబాన్ లడాతీ" అని నా మీదే గుస్సా. కుర్సీ ఇంకా వరండాలోనే ఉంది.

నిజం చెప్తున్నా, నేను ఆ బజార్‌కి కొనడానికి పోను. తిరగడానికి పోతాను. గురువారం పొద్దున పురానాపూల్ దగ్గర ఆ గల్లీల్లో ఒకదాని మీద ఒకటి పడేసిన మేజులు, కాలు విరిగిన తిపాయిలు, అద్దం ఊడిన అల్మారీలు. దరాజ్ లాగి తిప్పి చూడాలి. మూలల్లో మేకులుంటే వదిలెయ్యి. చెక్కని పళ్లలా కోసి ఒకదాన్లో ఒకటి బిగించి ఉంటే ఆగు. స్క్రూ తల మీద ప్లస్ గుర్తుంటే, దుకాణ్‌దార్ "ఖుదా కీ కసమ్, వందేళ్ల మాల్" అన్నా నవ్వి ఊరుకో. అడుగుభాగం గోరుతో గీకి వాసన చూడు. సాగ్వాన్ అయితే తోలు వాసనలాంటిది, కొంచెం నూనె కలిసినట్టు వస్తుంది.

ఒకసారి ఒక దరాజ్ అడుగున పరిచిన ఉర్దూ అఖ్బార్ దొరికింది. అందులో రిష్తాల ఇష్తెహార్లు చదువుతూ అరగంట నిలబడిపోయాను. చాచా చాయ్ తెప్పించి, "కాగజ్ ముఫ్త్ బేటీ, మేజ్ కా పైసా దేవ్" అన్నాడు. ఏ మాల్‌లో దొరుకుతుంది ఈ మజా?

ఇదే బజార్‌ని చోర్ బజార్ అని ముక్కు మూసుకునే సాబ్‌లు ఉన్నారు. నేను పన్నెండొందలకి తెచ్చిన ఇదే రకం కుర్సీ, పాలిష్ కొట్టించుకుని ఒక పెద్ద షోరూంలో పద్దెనిమిది వేలకి కూర్చుంది. ఇక్కడ కబాడీ, అక్కడ విన్‌టేజ్. పక్కన "నవాబీ వారసత్వం" అని ఒక చీటీ. 1949లో జాగీర్లు రద్దయ్యాక, ఆమ్‌దనీ ఆగిన దేవిడీల సామాన్ అమ్మకానికి వచ్చిన మాట నిజమే. కానీ ఆ ఠాఠ్ తలచుకుని ఏడ్చే ఓపిక నాకు లేదు. ఆ పలంగుల వెనక రైతుల చెమట ఉంది. నాకు కావాల్సింది నవాబ్ సాబ్ కాదు, రందా పట్టిన బఢయీ. అతని పేరు ఏ అల్మారీ మీదా దొరకదు.

అసలు ఖాలా గుస్సా నహూసత్ మీద కాదు. ఆమె మనవరాలి నిఖా దగ్గరపడింది. లడ్కేవాలే లిస్ట్ పంపారు: డబుల్ కాట్, సోఫా సెట్, డ్రెస్సింగ్ టేబుల్, అల్మారీ. అన్నీ నయా. దానికోసం రెండు లక్షలు సూద్ మీద తెస్తున్నారు. సూద్ హరామ్, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. వచ్చేదేమిటి? చెక్కపొట్టు అదిమి పైన కాగితం అంటించిన పలకలు. వానాకాలం ఇంట్లోకి నీళ్లొస్తే ఉబ్బి పొరలు పొరలుగా లేస్తాయి. పలంగ్ పోయాక కూడా కిస్తీ మిగిలే ఉంటుంది.

ముస్తమల్ పలంగ్ ఇస్తే బిరాదరీలో బేఇజ్జతీ అట. మరి లిస్ట్ పంపి అడుక్కోవడం ఇజ్జత్ ఎట్లా అయింది భాయ్? ఖురాన్ మహర్ ఇమ్మని చెప్పింది మగవాడికి. 1961 నుంచి వరకట్నం మీద కానూన్ ఉంది. పాత సామాన్ ఇస్తే జహేజ్ జాయజ్ అవుతుందని నేనడం లేదు. ఆ లిస్ట్ చింపెయ్యమంటున్నా. కొత్త కాపురానికి మంచం కావాలంటే దూల్హా, దుల్హన్ ఇద్దరూ కలిసి గల్లీల్లో తిరిగి, బేరమాడి, తమ పైసలతో తెచ్చుకోనీ. ఎవరు ఎంత ఓపికగా బేరం చేస్తారో, ఎవరికి తొందరగా గుస్సా వస్తుందో అక్కడే తెలిసిపోతుంది.

నా కుర్సీకి ఒక కాలు కొంచెం ఊగుతోంది. వచ్చే జుమేరాత్ బఢయీ దగ్గరికి తీసుకెళ్లాలి. దుల్హన్‌ని కూడా తోడు రమ్మన్నాను. ఖాలాకి ఇంకా చెప్పలేదు.