దివిటీ పట్టినవారి వీధి ఎక్కడ?

చారిత్రక నగరాలను కాలినడకన చూపించే యాత్రలకు ఇటీవల ఆదరణ పెరిగింది. హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ చుట్టూ మార్గదర్శి వెంట నడిచేవారిని తరచూ చూస్తున్నాం. మంచిదే. బస్సు కిటికీలోంచి కనబడనిది నడిచేవారి కంటబడుతుంది. అయితే ఆ నడక ఎక్కడ మొదలవుతుంది, ఏ సందు ముందు ఆగకుండా సాగిపోతుంది అన్నది కూడా చరిత్ర రచనే. కృష్ణా డెల్టాలోని కూచిపూడిలో మా పీజీ విద్యార్థులతో కలిసి నడిచినప్పుడు ఈ సంగతి నాకు అనుభవంలోకి వచ్చింది.

రామలింగేశ్వరస్వామి ఆలయం దగ్గర మా నడక మొదలైంది. సిద్ధేంద్రయోగి, భామాకలాపం, గోల్కొండ సుల్తాను తానీషా భాగవతులకు అగ్రహారం ఇచ్చాడన్న జనశ్రుతి, వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి ఇంటిపేర్లు - అన్నీ మార్గదర్శి చక్కగా చెప్పాడు. పూర్వం రాత్రివేళ ఆట ఎలా సాగేదో వర్ణించాడు. రెండు పక్కలా దివిటీలు పట్టుకుని ఇద్దరు నిలబడేవారట. పాత్ర ప్రవేశించేటప్పుడు గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గున లేచేదట. అప్పుడు రజక కుటుంబం నుంచి వచ్చిన మా విద్యార్థిని అడిగింది: ‘‘ఆ దివిటీలు పట్టినవాళ్ళ వీధి ఎటు?’’ మార్గదర్శి ఒక్క క్షణం ఆగి, అది మన దారిలో లేదన్నాడు.

అది అతని తప్పు కాదు. అతని చేతికిచ్చిన కథలోనే ఆ వీధి లేదు. ఊళ్ళలో ఆటకు దివిటీలు పట్టింది ఎక్కువగా చాకలివారే. వారు పట్టిన వెలుగు లేకుంటే సత్యభామ జడ ఎవరికీ కనబడేది కాదు. మృదంగానికి తోలు సిద్ధం చేసిన చేతుల సంగతీ అంతే. తమిళనాడులో మృదంగాలు తయారుచేసే దళిత క్రైస్తవ కుటుంబాల గురించి గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో ఒక పుస్తకమే రాయవలసి వచ్చింది. మన డెల్టాలో ఆ పని చేసినవారి పేర్లు ఏ ఫలకం మీదా లేవు.

కూచిపూడికి పక్కనే మొవ్వ. క్షేత్రయ్య పదాలలోని మువ్వగోపాలుడి ఊరు. ఆ పదాలను తరతరాలుగా ఆడి, పాడి నిలిపినవారు కలావంతుల స్త్రీలు. గోదావరి ప్రాంతపు కలావంతులు భామాకలాపాన్నీ గొల్లకలాపాన్నీ ప్రదర్శించారు. 1947 నాటి మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం అంకితమనే దురాచారాన్ని నిషేధించింది, అది అవసరమే. కానీ ఆ సంస్కరణల కాలంలోనే వారి విద్యకూ కళంకం అంటగట్టారు. అగ్రహారపు పురుషుడు సత్యభామ వేషం కడితే కీర్తి, కలావంతుల స్త్రీ కడితే అపకీర్తి! ఆట ఒకటే, తేడా కులానిదే.

తెలంగాణలో మాదిగ ఉపకులమైన చిందువారు ఆడే యక్షగానాన్ని చూడండి. పురాణ కథ, పాట, నృత్యం, స్త్రీ వేషం అన్నీ అందులోనూ ఉన్నాయి. అయినా ఒకటి ‘శాస్త్రీయం’, మరొకటి ‘జానపదం’. చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ దక్కింది. పురస్కారం వచ్చింది గాని, ఆ గీత చెరగలేదు.

ఇదంతా భాగవతుల కుటుంబాల శ్రమను తగ్గించడానికి కాదు. ఊరూరా తిరిగి ఆడి వారు కళను కాపాడారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి స్త్రీలకు నేర్పారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ స్థాపించి ఎందరికో ఆ విద్యను అందించారు. అసలు గొల్లకలాపంలో గొల్లభామ బ్రాహ్మణుణ్ణి నిలదీసేదే, పుట్టుకతోనే బ్రాహ్మణత్వం వస్తుందా అని. వేదిక మీద ఆ ప్రశ్నను అనుమతించిన సంప్రదాయం వీధిలో ఎందుకు జంకాలి?

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. నడకను అగ్రహారం దగ్గర ఆపకుండా రజకుల వీధికీ మాదిగ పల్లెకూ మొవ్వకూ పొడిగించాలి. ఆ వాడల యువతకు మార్గదర్శులుగా శిక్షణ ఇచ్చి, వేతనం చెల్లించాలి. దివిటీ పట్టినవారి, వాద్యాలు చేసినవారి కుటుంబాల జ్ఞాపకాలను విశ్వవిద్యాలయాలు నమోదు చేయాలి. పెద్దవారు వెళ్ళిపోతున్నారు గనుక ఈ పనికి వ్యవధి తక్కువ.

ఇన్నేళ్ళుగా తరగతి గదిలో కూచిపూడి గురించి చెబుతున్న నేను కూడా ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్న అడగలేదు. వచ్చే ఏడాది మా విద్యార్థుల నడక ఆమె అడిగిన వీధి నుంచే మొదలవుతుంది.