ముందు బతికే మొక్కని కొనండి

అక్వేరియం పెట్టాలనుకునే మన కాలేజీ వాళ్ళందరికీ ఒక్క మాట. చేపల సంగతి తర్వాత, ముందు మొక్కల సంగతి చూడండి. ఆ మొక్కల్ని కూడా రీల్స్ చూసి ఎంచుకోకండి.

రీల్స్‌లో ట్యాంకులు నిజంగానే చాలా బాగుంటాయి. అడుగున పచ్చిక పరిచినట్టు చిన్న మొక్కలు, మధ్యలో ఎర్రటి ఆకులు. వాటి వెనకాల ఉన్న కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, ఖరీదైన లైటు, తరచూ వేసే ఎరువు, ఆగకుండా చేసే కత్తిరింపు వీడియోలో కనపడవు. ఇవేవీ లేకుండా ఆ మొక్కలు తెచ్చుకోవడం అంటే సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ చదవకుండా గేమ్ ఇన్‌స్టాల్ చేయడమే. గేమ్ అయితే హ్యాంగ్ అవుతుంది, డిలీట్ చేస్తాం, అంతే. ట్యాంకులో మొక్క చస్తే కుళ్ళుతుంది. కుళ్ళితే నీళ్ళలో అమ్మోనియా పెరుగుతుంది. అది చేప మొప్పల్ని దెబ్బతీస్తుంది. మొక్క మన సరదా కోసం కొన్నాం, ప్రాణం మీదకి వచ్చేది మాత్రం చేపకి.

అందుకే సిలిండర్ లేని, మామూలు ఎల్‌ఈడీ లైటు ఉన్న ట్యాంకే స్టూడెంట్‌కి సరైనదని నా అభిప్రాయం. దాన్ని లో-టెక్ అంటారు. లో-టెక్ అంటే నాసిరకం అని కాదు. మన దగ్గర ఉన్న నీళ్ళకి, వెలుతురుకి, తీరికకి సరిపోయే మొక్కని వెతుక్కోవడం. సెమిస్టర్ పరీక్షలప్పుడు రెండు వారాలు పట్టించుకోకపోయినా బతకాలి. నేను పెట్టే పరీక్ష అదొక్కటే.

ఆ పరీక్ష పాసయ్యేవి చాలానే ఉన్నాయి. మొదటిది అనుబియాస్. ఆఫ్రికా మొక్క, ఆకులు తోలులా మందంగా ఉంటాయి, నీడలో కూడా బతుకుతుంది. రెండోది జావా ఫెర్న్. ఈ రెండింటికీ అడ్డంగా పాకే లావుపాటి కాండం ఉంటుంది. దాన్ని ఇసుకలో పాతిపెడితే కుళ్ళిపోతుంది. రాయికో కర్రకో దారంతో కట్టేయండి, వేళ్ళు వాటంతట అవే పట్టుకుంటాయి. మూడోది క్రిప్టోకోరైన్. దీన్ని కొత్త ట్యాంకులో నాటాక ఆకులన్నీ కరిగిపోయినట్టు అయిపోవచ్చు. చచ్చిపోయిందని పీకేయకండి. పాడైన ఆకులు తీసేసి వేళ్ళని అలాగే వదిలేస్తే కొన్ని వారాల్లో కొత్త ఆకులు వస్తాయి.

ఇక వాలిస్నేరియా. రిబ్బన్‌లా పొడుగ్గా పెరిగే ఈ మొక్క మన దేశంలోని చెరువుల్లో, కాలవల్లో కూడా ఉంటుంది. హైదరాబాద్ బోరు నీళ్ళంటే గీజర్ పాడవుతుంది, బకెట్‌కి తెల్ల మరకలు పడతాయి అని అందరం తిట్టుకుంటాం కదా. అలాంటి నీళ్ళలో బైకార్బనేట్ బాగా ఉంటుంది. వాలిస్నేరియా దాంట్లోంచి కూడా కార్బన్ తీసుకోగలదు. మనకి పనికిరాని నీళ్ళు దానికి పండగ. హార్న్‌వర్ట్‌కైతే అసలు వేళ్ళే ఉండవు, నీళ్ళలో వదిలేస్తే చాలు. ఇది వేగంగా పెరుగుతూ అమ్మోనియాని పీల్చుకుంటుంది కాబట్టి కొత్త ట్యాంకుకి మంచిది.

అన్నిటికన్నా చవకైనది మన ఇళ్ళలోనే ఉంది: మనీ ప్లాంట్. వేళ్ళు నీళ్ళలో, ఆకులు బయట ఉండేలా ట్యాంకు అంచున పెట్టండి. చేపల వ్యర్థాల నుంచి తయారయ్యే నైట్రేట్‌ని తాగేస్తుంది. ఒకటి జాగ్రత్త: కొన్ని షాపుల్లో లక్కీ బాంబూని అక్వేరియం మొక్క అని అమ్ముతారు. అది నేల మీద పెరిగే మొక్క. పూర్తిగా ముంచితే నెమ్మదిగా కుళ్ళుతుంది.

"కష్టమైన మొక్క పెంచితేనే కదా నేర్చుకునేది" అని కొందరు అంటారు. నిజమే, నేర్చుకోండి. కానీ చేపలు లేని గిన్నెలో నేర్చుకోండి. మన ప్రయోగం జరిగే నీళ్ళలోనే ఇంకో ప్రాణి ఊపిరి పీలుస్తున్నప్పుడు ట్రయల్ అండ్ ఎర్రర్ అనే మాట అంత తేలిగ్గా వాడకూడదు. "ఈ గొడవంతా ఎందుకు, ప్లాస్టిక్ మొక్క పెడితే పోలా" అనేవాళ్ళూ ఉన్నారు. చచ్చి కుళ్ళే మొక్క కన్నా అది నయమే. కాకపోతే ప్లాస్టిక్ ఆకు నీళ్ళని శుభ్రం చేయదు. గరుకుగా ఉంటే చేప రెక్కలు చిరుగుతాయి కూడా.

మొక్క సరైనదైతే మనం చేయాల్సిన పని తక్కువే. లైటు రోజుకి 6 నుంచి 8 గంటలు చాలు. అంతకన్నా ఎక్కువ వేస్తే మొక్క కన్నా ముందు నాచు పెరుగుతుంది. మొక్కలు నాటాక కొన్ని వారాలు ఆగి, అప్పుడు కొద్దికొద్దిగా చేపల్ని తెచ్చుకోండి. వ్యర్థాల్ని మార్చే మంచి బ్యాక్టీరియా పెరగడానికి ఆ టైమ్ కావాలి.

చివరిగా, గట్టి మొక్కకి ఇంకో వైపు కూడా ఉంది. ఎక్కడైనా బతికేది, వదిలేస్తే ఎక్కడైనా పాకుతుంది. మూసీని, మన చెరువుల్ని కప్పేస్తున్న గుర్రపుడెక్క పుట్టింది దక్షిణ అమెరికాలో. పూలు అందంగా ఉన్నాయనే దాన్ని దేశదేశాలకీ తీసుకెళ్ళారు. కాబట్టి కత్తిరించిన ముక్కల్ని చెరువులోనో కాలవలోనో పడేయకండి. ఎండబెట్టి చెత్తలో వేయండి, లేదా పక్క రూమ్‌లో ట్యాంకు పెట్టాలనుకునేవాళ్ళకి ఇవ్వండి. ఎవరినైనా రీల్స్ చూసి మొక్కలు కొనకుండా ఆపాలంటే, చేతిలో ఒక జావా ఫెర్న్ ముక్క పెట్టడం కన్నా మంచి మార్గం లేదు.