ఐ7 అని అతికిస్తే సరిపోతదా?

దసరా ముందు మా గోదావరిఖనిలో బంగారం కొట్లు, బట్టల కొట్లు, బండ్ల షోరూములు కళకళలాడడం మీకు కొత్త కాదు. ఈ మధ్య ఆ వరుసలో కంప్యూటర్ కొట్లు కూడా చేరాయి. సింగరేణి లాభాల వాటా ఇంత శాతం అని పేపర్లో పడ్డ రోజు నుంచే వాట్సాప్‌లో ఫోటోలు తిరగడం మొదలు. "ఐ7 గేమింగ్ సెట్, 16 జీబీ, మానిటర్‌తో సహా 20 వేలు మాత్రమే." గాజు డబ్బా, లోపల ఎరుపు, నీలం, ఆకుపచ్చ లైట్లు. బతుకమ్మ పండుగకు వీధికి కట్టే సీరియల్ సెట్ తెచ్చి డబ్బాలో కుక్కినట్టుంటుంది.

ఈ సెట్టు మీద నాకు చాలా కోపముంది. ఎందుకో చెప్తాను, మీరూ వినాలి. ఎందుకంటే ఆ 20 వేలు మన చేతుల్లోంచి పోతున్నవి.

ఆ డబ్బాలో ఉండేది చాలాసార్లు ఐ7-3770 లాంటి ప్రాసెసర్. అది 2012లో వచ్చింది. ఎక్కడో ఆఫీసుల్లో పదేళ్లు అరిగి, తీసేసిన కంప్యూటర్లలోంచి ఊడబీకి తెచ్చినది. దానికి హెచ్61 అనే అదే కాలం నాటి రకం బోర్డు. బోర్డు మాత్రం కొత్త అట్టపెట్టెలో, కొత్త కవర్లో వస్తుంది, అందుకే మనకు అనుమానం రాదు. ర్యామ్ కూడా పాత డీడీఆర్3 రకమే. బయట మాత్రం తళతళలాడే ఐ7 స్టిక్కర్. బీఏలో మాకు అతిశయోక్తి అలంకారానికి లక్షణం రాయమనేవారు. ఇప్పుడు నన్నెవరైనా ఉదాహరణ అడిగితే ఆ స్టిక్కర్ చూపిస్తాను.

2022లో వచ్చిన ఐ3-12100 అనే ప్రాసెసర్‌కూ నాలుగు కోర్లే, ఎనిమిది థ్రెడ్లే. 3770కీ అంతే. కానీ ఒక్కో కోర్ చేసే పనిలో ఐ3ది పైచేయి, కరెంటు తినేది తక్కువ. అంటే పేరులో 7 ఉన్నదాన్ని 3 ఉన్నది ఓడిస్తుంది. ఇది కొట్టువాళ్లకు తెలియనిది కాదు. మనకు తెలియదని వాళ్లకు తెలుసు, అంతే.

తెలుసుకోవడం కష్టమా అంటే, చీర అంచు చూసి పట్టో కాదో చెప్పే మనకు ఇది ఐదు నిమిషాల పని. ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఇంటిపేర్లు. వయసు చెప్పేది ఆ తర్వాతి అంకె. 3770లో మొదటి 3 అంటే మూడో తరం. 12100లో మొదటి 12 అంటే పన్నెండో తరం. చివర ఎఫ్ అని ఉంటే అందులో బొమ్మ చూపించే గ్రాఫిక్స్ ఉండదు, కార్డు వేరే కొనాలి. రైజెన్ 5600జీ లాంటి వాటిలో చివరి జీ అంటే గ్రాఫిక్స్ లోపలే ఉందని. బియ్యమైతే పాతవే మేలంటాం గానీ ప్రాసెసర్‌కు ఆ సామెత పనికిరాదు.

ఇంకోటి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పేరు నమోదు చేసుకున్నవాళ్లకు మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు, అంతవరకే. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆపైదే కావాలంటారు. మూడో తరం ఐ7 పెట్టుకున్నవాళ్లు లినక్స్‌కు మారాలి, లేకపోతే అప్‌డేట్లు లేని కంప్యూటర్‌లోనే బ్యాంకు పాస్‌వర్డులు కొట్టుకోవాలి. లినక్స్ చెడ్డదని కాదు, మంచిదే, ఉచితమే, తెలుగు కూడా చక్కగా కనిపిస్తుంది. కానీ "ఐ7, రాకెట్ లెక్క ఉరుకుతది" అని అమ్మినోడు ఈ ముక్క చెప్పాడా? చెప్పడు.

ఈ మోసం ఎక్కువగా ఎవరికి తగులుతుందో చూడండి. 2024 దసరాకు సింగరేణి లాభాల్లోంచి 796 కోట్లు కార్మికులకు పంచారు. సగటున ఒక్కొక్కరికి 1.90 లక్షలన్నారు. అదే ఏడాది మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు కూడా ఇచ్చారు, తలా 5 వేలు. పర్మినెంటు ఇంట్లో 20 వేలు పోతే నాలుగు రోజులు తిట్టుకుని ఊరుకుంటారు. కాంట్రాక్టు ఇంట్లో 20 వేలంటే చిట్టీ ఎత్తిన డబ్బు, లేకపోతే పుస్తెలతాడు మీద తెచ్చిన డబ్బు. పిల్ల చదువుకని తెస్తారు. సరిగ్గా ఆ ధర దగ్గరే ఈ నకిలీ ఐ7ను నిలబెట్టారు. అందుకే నా కోపం.

మేం కూడా ఆ దసరాకే కొన్నాం, మా అమ్మాయి డిగ్రీ కంప్యూటర్స్‌కు. కొట్టుకు వెళ్లింది నేనూ, మా ఆయనా, అమ్మాయీ. కాగితం మీద రాసుకుని వెళ్లింది నేను. ఆ కొట్టాయన నా చేతిలో కాగితం చూస్తూనే మా ఆయన వైపు తిరిగి, "ఏం కావాలె అన్నా, గేమింగా, నార్మలా?" అన్నాడు. మా ఆయన బాయిలో ఫిట్టర్, మనిషి నిమ్మళం. "మా మేడమును అడుగు తమ్మీ" అన్నాడు. అప్పుడైనా నా వైపు తిరిగాడా, లేదు, మా వెనకాల పదో తరగతి పిల్లవాడెవరో నిలబడితే వాడికి చెప్పడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలు చేయవచ్చని కేంద్రం 2019లోనే ఒప్పుకుంది. బాయి లోపలికి దిగనిచ్చారు గానీ కంప్యూటర్ కొట్లో ధర అడగనివ్వడం లేదు.

ఇంటి బడ్జెట్ అంటే ఏమిటి? ఉన్న డబ్బును దేనికి ఎంత పెట్టాలో, దేంట్లో తగ్గిస్తే నష్టం లేదో, దేంట్లో తగ్గిస్తే కొంప మునుగుతుందో తెలియడం. కంప్యూటర్ భాగాలు ఏరుకోవడమూ అచ్చంగా అదే. నెలనెలా చేసేవాళ్లం మనం. ఇక ఇందులో మనకు తెలియనిదేముంది, పేర్లు తప్ప?

నలభై వేలు అనుకున్నాం. ప్రాసెసర్ ఐ3-12100, గ్రాఫిక్స్ లోపల ఉన్నది, 11 వేల దాకా. హెచ్610 బోర్డు ఆరు వేల పైన. ర్యామ్ ఎనిమిది జీబీవి రెండు, అప్పట్లో మూడు వేల పైచిలుకు. ఒకటే 16 జీబీది కాకుండా రెండు ఎనిమిదులు ఎందుకంటే, లోపలి గ్రాఫిక్స్ ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండు దారుల్లో అందిస్తే దానికి హాయి. 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ మూడు వేల పైన. 22 అంగుళాల మానిటర్ ఏడు వేలు. కీబోర్డు, మౌస్ తొమ్మిది వందలు. ఇంతవరకు ఎవరూ గొడవ పడలేదు.

గొడవంతా పవర్ సప్లై దగ్గర. ఎస్‌ఎంపీఎస్ అంటారే, అది. కొట్టాయన డబ్బాతో పాటు ఉచితంగా ఇస్తానన్నాడు, దాని మీద 500 వాట్లని రాసి ఉంది. నేను 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది, పేరున్న కంపెనీది, 450 వాట్లది అడిగాను, మూడు వేల పైన. "గంత అవసరం లేదక్కా, ఈడ అందరికి ఇదే ఏస్తం" అన్నాడు. అందరికీ వేస్తాడు, నిజమే, అందరివీ కాలిపోవడం కూడా చూస్తున్నాం. ఉచితంగా వచ్చేదాని మీద అంకె ఎంతైనా రాసుకోవచ్చు, కాగితమే కదా. అది పేలితే ఒక్కటే పోదు, బోర్డునూ ఎస్‌ఎస్‌డీనీ వెంట తీసుకుపోతుంది. మా ఆయనకు ప్రాసెసర్ల సంగతి పట్టదు గానీ ఇది చెప్పగానే పట్టేశాడు. బాయిలో రూఫ్ బోల్టింగ్ కాకుండా బొగ్గు తీయడానికి ముందుకు పోరు కదా. ఆ రోజు నా పక్షాన గట్టిగా మాట్లాడింది ఆయనే.

మన దగ్గర ఇది మరీ ముఖ్యం. 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ పొగగొట్టాలు మేడ మీంచి కనిపిస్తాయి. అయినా ఎండాకాలం గాలిదుమారం వస్తే మన ఇంట్లో లైటు మిణుకు మిణుకే. 600 వీఏ యూపీఎస్ ఒకటి, మూడు వేలు, తప్పదు. పని దాచుకుని ఆపడానికి పది నిమిషాలిస్తే చాలు. దానికన్నా ముందు ఎర్తింగ్ చూపించుకోండి. పాత క్వార్టర్లలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది, మూడో రంధ్రం వెనక తీగ ఉండదు. కంప్యూటర్ డబ్బా ముట్టుకుంటే చిమచిమలాడితే సంగతి అదే. ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చే కూలి ఏ లైట్ల ఫ్యాను ఖరీదు కన్నా మేలైన ఖర్చు.

ఇక దుమ్ము. ఓపెన్ కాస్ట్ పక్కన బతికేవాళ్లకు నేను చెప్పాలా? పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో మీకు తెలుసు. అదే దుమ్ము ఫ్యాన్ లాక్కుని ప్రాసెసర్ మీది రేకులకు పట్టిస్తుంది, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యానుకు జిడ్డు పట్టినట్టు. 45 డిగ్రీల ఎండల్లో అది కుమ్ము. కాబట్టి అద్దాల డబ్బా వద్దు, ముందువైపు జాలీ, జాలీ వెనక తీసి కడుక్కునే ఫిల్టర్ ఉన్నది తీసుకోండి, రెండు వేల పైన దొరుకుతుంది. రెండు మూడు నెలలకోసారి మూత తీసి బ్లోయర్ కొట్టాలి, కొట్టేటప్పుడు ఫ్యాను రెక్క వేలితో పట్టుకోవాలి, గిర్రున తిరగనివ్వద్దు. ప్రాసెసర్ పెట్టెలో వచ్చే ఫ్యానే చాలు, లిక్విడ్ కూలింగ్ లాంటి మాటలు వినకండి.

గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఏం కంప్యూటర్ అని మా మరిది కొడుకు వారం రోజులు నవ్వాడు. వాడి ఆటలకు కావాలి, నిజమే. మా అమ్మాయి రాసేది పైథాన్. పెద్ద పని ఎప్పుడైనా పడితే గూగుల్ కొలాబ్‌లో గ్రాఫిక్స్ ప్రాసెసర్ ఉచితంగా కొంతసేపు వాడుకోనిస్తారు. రేపు అవసరమైతే బోర్డులో కార్డుకు చోటుంది.

చుట్టాలు ఇంకో పాట పాడారు. "ల్యాప్‌టాప్ తీసుకుంటే అయిపోయె గదా వదినె." హాస్టల్లో ఉండే పిల్లకైతే అదే సరి, నేను కాదనను. ఇంట్లో ఉండి చదువుకునే పిల్లకు అదే డబ్బుతో డెస్క్‌టాప్ పెద్ద తెర ఇస్తుంది, ఏది పోతే అది మార్చుకోవచ్చు. కానీ ఆ మాటల అడుగున ఇంకో మాట ఉంది, అది మా ఆడబిడ్డ నోట బయటికే వచ్చింది: "ఆడివిల్లకు నలభై వేలా? ఫోన్ల సదువుకోదా? రేపు పెండ్లయి పోయేదేనాయె." అదే ఇంట్లో బీటెక్ చేరిన కొడుక్కి అరవై వేల ల్యాప్‌టాప్ కొన్నప్పుడు ఎవరూ లెక్క అడగలేదు. ఆరంగుళాల తెర మీద కోడ్ రాయడమంటే అగ్గిపెట్టె మీద ముగ్గు వేయమనడం. ఆ పిల్ల వెనకబడితే "దీనికి రాదు" అంటారు, తెర చిన్నదని ఎవరూ అనరు. మన కాలనీల్లో ఎంతమంది ఆడపిల్లలకు ఇలా "రాదు" అని తేల్చేశామో ఆలోచిస్తే నాకు నిద్ర పట్టదు.

నలభై వేలు పెట్టలేనివాళ్ల మాట. సెకండ్‌హ్యాండ్ వద్దని నేననను. కంపెనీలు తీసేసిన డెల్, హెచ్‌పీ డబ్బాలు, ఎనిమిదో తరం లేదా ఆపైవి, లైట్లు లేనివి, చూడ్డానికి మొద్దుల్లా ఉండేవి అడగండి. అదే డబ్బుకు ఆ 'ఐ7' కన్నా వంద రెట్లు నయం. పాతదాన్ని పాతదని చెప్పి అమ్మితే అది వ్యాపారమే. కొత్తది కొనేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి: 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమొరీ అంతా అటు పోతోంది. పైన నేను చెప్పిన ధర ఇప్పుడు దొరకదు. ఎనిమిది జీబీది ఒకటే వేసి రెండో గాడి ఖాళీగా ఉంచుకోండి, ధర దిగినప్పుడు రెండోది.

ధరల కోసం సికింద్రాబాద్ దాకా, ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోవచ్చు. రామగుండంలో భాగ్యనగర్ ఎక్కితే సరి. అక్కడా ఇక్కడా ఒకటే షరతు: జీఎస్‌టీ బిల్లు, దాని మీద ప్రతి వస్తువు పూర్తి పేరు, సీరియల్ నంబర్. "బిల్లు లేకుంటే 18 శాతం తగ్గుతదక్కా" అంటారు. వారంటీ కూడా తగ్గుతుంది, సున్నా దాకా. బిల్లు మీద ఉత్త "ఐ7 సెట్" అని రాస్తే అక్కడే ఆపి, తరం అంకెతో సహా రాయమనండి. రాయనంటే డబ్బు సంచిలోంచి తీయకండి. బిల్లు చేతిలో ఉండీ వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

బిగించడం మేమే చేశాం, అమ్మాయీ నేనూ, డైనింగ్ టేబుల్ మీద, ఒక ఆదివారం మధ్యాహ్నం. మిక్సీ కప్లర్ మార్చి, స్టవ్ బర్నర్లు ఊడదీసి, కుక్కర్ సేఫ్టీ వాల్వ్ వేసే చేతులకు ఆ స్క్రూలు ఏ లెక్క? సాయంత్రం చాయ్ టైముకు తెర వెలిగింది. కొట్లో బిగించడానికి అడిగిన వెయ్యి రూపాయలతో అమ్మాయికి ఒక మంచి కుర్చీ కొన్నాం, ఇంకో ఐదొందలు కలిపి.