ఆటలో గెలుపు, ఓటులో ఓటమి

అమెరికా విశ్వవిద్యాలయములలో శరత్కాలపు శనివారములను ఫుట్‌బాలు ఏలుచుండును. ఇది మన బడిపిల్లలు కాలితో తన్ను ఆట కాదు. కోలగానుండు బంతిని చేతబట్టి, ఎదిరివారిని త్రోసికొని పరుగిడు ఆట, సగము మల్లయుద్ధమనవచ్చును. అచ్చట చదువుకొనబోయిన మన తెలుగు విద్యార్థులలోను కొందరు కొలదికాలముననే తమ విద్యాలయపు రంగుచొక్కా తొడిగి, 'ఈ వారము మన జట్టుది ఎన్నవ స్థానము?' అని వాదమునకు దిగుదురు.

ఈ వాదమునకు మూలము ఒక చిక్కులెక్క. పై శ్రేణిలోని జట్లు 130కి మించియున్నవి. సాధారణముగా ఒక్కొక్క జట్టు ఆడునవి 12 ఆటలే. కావున పెక్కు జట్లు ఒకదానినొకటి ఎదుర్కొననే ఎదుర్కొనవు. వానిలో ఏది మిన్నయో ఓటుతో తేల్చవలసినదే. 1936 నుండి అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పత్రికారచయితల ఓట్లు కూర్చి వారమువారము జాబితా ప్రకటించుచున్నది. దానిని ఆరంభించిన అలన్ గౌల్డ్, రెండు శనివారముల నడుమ జనము వాదించుకొనుటకు ఏదేని ఉండవలెననియే ఆ పని తలపెట్టితినని దాచక చెప్పినాడు. ఆయన కోరిక నేటికిని తీరుచునే యున్నది!

బౌలు అనునది ఋతువు చివర ఆహ్వానముపై ఆడు పందెము. 1902లో పాసడీనాలో జరిగిన పందెమే తరువాత రోజ్ బౌల్‌గా పేరొందినది. సామాన్యముగా ఆరు గెలుపులున్న జట్టు బౌలున కర్హము. ఐదు గెలిచిన జట్టు అభిమానులకు ఆ ఆరవ గెలుపే స్వర్గము. పదకొండు గెలిచినవారి కన్ను జాతీయ విజేత పీఠము పైన.

2023లో ఫ్లారిడా స్టేట్ జట్టు 13 ఆటలాడి 13 గెలిచి, తన కూటమికి విజేత యైనది. జాతీయ విజేతను నిర్ణయించు పోటీలో నాడు నాలుగు జట్లకే చోటు. 13 మంది సభ్యుల సంఘము ఆ నాలుగవ చోటును ఒక ఓటమి యున్న అలబామాకు కట్టబెట్టినది. అలబామా సామాన్యమైనది కాదు. అంతవరకు ఓటమి యెరుగని జార్జియాను అప్పుడే ఓడించియున్నది. కాని సంఘము ముఖ్యముగా చూచినది వేరు. ఫ్లారిడా స్టేట్‌లో బంతిని పంచి ఆటను నడుపు జోర్డన్ ట్రావిస్ నవంబరులో కాలికి గాయమై వైదొలగెను. అతడు లేని జట్టు వెనుకటి జట్టు కాదని వారి తలంపు.

ఇది అన్యాయమని నా దృఢాభిప్రాయము. విద్యార్థి వ్రాసిన సమాధానములకు మార్కులిచ్చుట ఒకటి. జ్వరపడినాడు గనుక రేపటి పరీక్ష సరిగా వ్రాయడని ఊహించి, నేటి మార్కులు తగ్గించుట మరొకటి. ఈ రెండవ పనిని ఏ ఉపాధ్యాయుడు చేసినను మనము సహింతుమా?

తరువాత ఆరెంజ్ బౌల్‌లో ఫ్లారిడా స్టేట్ జార్జియా చేతిలో 63–3 తేడాతో చిత్తుగా ఓడినది. 'చూచితిరా!' అని సంఘమును సమర్థించువారు చంకలు గ్రుద్దుకొనిరి. కాని ఆనాడు ఆ జట్టు ముఖ్యులలో పెక్కుమంది మైదానమునకే రాలేదు. ఆశ తెగిన పిదప ఆడిన ఆటను బట్టి, ఆశ యున్ననాటి బలమును కొలువదగునా?

2024లో నాలుగు చోట్లను పండ్రెండు చేసిరి. తగవు నాలుగవ చోటు నుండి పండ్రెండవ చోటునకు జరిగినది, అంతే. 2025లో నోటర్ డామ్, మయామీ జట్లు రెండును పదేసి ఆటలు గెలిచి, రెండేసి ఓడినవి. చోటు మయామీకి దక్కగా నోటర్ డామ్ అలిగి, ఏ బౌలునకును రామని ఇంట కూర్చున్నది. ఆ అలుక నాకు నచ్చలేదు. ఋతువు మొదటనే మయామీ వారిని 27–24తో ఓడించియున్నది. ఈమారు సంఘము మైదానపు తీర్పునే మన్నించినది. అయినను నోటర్ డామ్ అభిమానుల ప్రశ్న ఒకటి న్యాయమైనది. ఆ ఓటమి ఆగస్టునాటిది గదా. వారములు తరబడి తమను మయామీకి పైన నిలిపి, కడపటి దినమున క్రిందికి దింపుట ఏల?