సొంతూరిలో మజిలీ

బండినే ఇల్లు చేసుకుని దేశం తిరగడం ఇప్పుడు కొత్త సరదా. మన డెల్టాలో బాతులవాళ్లకు అది పాత బతుకే. కోతలు కాగానే రాలిన గింజల కోసం మందను తోలుకుంటూ చేనూ చేనూ తిరుగుతారు. రాత్రికి గుడారం, తెల్లారితే గుడ్లు ఏరుకోవడం.

అలా తిరిగి తిరిగి కృత్తివెన్ను వైపు వస్తే మంద దిగడానికి చేను ఉండాలి కదా! చాలాచోట్ల వరి పోయి రొయ్యల చెరువులొచ్చాయి. పక్షులు తెగులు మోసుకొస్తాయని రైతులు చెరువుల మీద వలలు కడుతున్నారు, ఇక బాతుల మందను గట్టెక్కనిస్తారా? రైతునూ తప్పుపట్టలేం, వైరస్ సోకితే పంట మొత్తం పోతుంది.

216వ జాతీయ రహదారి మీద కారులో సొంతూరికి వచ్చి, పాత ఇల్లు కనబడక నిట్టూర్చేది మనం. బాతులవాళ్లకు పోయింది మేత.

అందుకే ఈ ప్రయాణాల సంచికలో కారవాన్ కబుర్లను వెనక్కి జరిపి, బాతులవాళ్ల కథనాన్ని ముందు వేశాం.

— సంపాదకుడు