గేర్‌బాక్సుదే నేరమా?

"పాత బండి కదా, అంతే!" సరిగా మలుపు తిరగని ఆరు చక్రాల ఉభయచర వాహనంపై పలువురిచ్చే తీర్పిది. దీన్ని నేను అంగీకరించను.

1967లో కెనడాలో వెలువడిన ఆర్గో వంటి బండ్లలో ఏ చక్రమూ పక్కకు తిరగదు. మీట లాగితే బ్రేకు ఒక పక్క చక్రాలను నిలువరిస్తుంది, డిఫరెన్షియల్ ఆ వేగాన్ని రెండో పక్కకు మళ్ళిస్తుంది, బండి తిరుగుతుంది. రెండు మీటలూ కలిపి లాగితే బండి ఆగాలి. కనుక ఒక మీట పట్టు సడలితే మలుపుతో పాటు బ్రేకూ పోయినట్లే. పల్లంలో రెండూ లాగినవాణ్ణి బండి పట్టున్న పక్కకు ఈడ్చుకుపోతుంది. దీన్ని పాతదనమని సరిపెట్టుకోవడం ప్రాణాలతో చెలగాటం.

అలాగని తొలిరోజే గేర్‌బాక్సు విప్పే వీరులనూ సమర్థించలేను. ముందు టైర్లలో గాలి చూడండి. ఒక పక్క తగ్గితే బండి అటు గుంజుతుంది; అన్నిటా తగ్గితే నేలను కరుచుకుని మొరాయిస్తుంది. పిదప గొలుసుల వదులు, మీటల కడ్డీలు, బ్రేకుల అరుగుదల పరిశీలించండి. ఇవన్నీ నిర్దోషులని తేలాకే గేర్‌బాక్సును బోనెక్కించాలి.

విచారణ లేని శిక్ష మనుషులకు అన్యాయమైతే యంత్రాలకూ అన్యాయమే. ఏమంటారు?